నాలుగున్నర పౌన్ల ఐలి

ఐలి కొస్కెలా తన రైఫిల్‌కి దొంగ ట్రిగ్గర్ పెట్టించుకుని పోటీలో దొరికిపోయిందని మా ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది. చర్చి అయ్యాక కాఫీ దగ్గర విన్నాను. పోస్టాఫీసులో విన్నాను. మొన్న కొట్లో పాస్టీల్లోకి, అదే మాంసం కూరిన కజ్జికాయల్లోకి, రుటబాగా దుంపలు ఏరుకుంటుంటే ఒకావిడ ఇంకో మెట్టెక్కి, అది మిషన్ గన్ ట్రిగ్గరట, ఒక్కసారి నొక్కితే వానేనట అని నాకే చెప్పింది. నాకే! ఏప్రిల్లో ఆ ట్రిగ్గర్ తూకం జరిగినప్పుడు బల్లకి మూడడుగుల దూరంలో కాఫీ కూజా పట్టుకుని నిలబడ్డ మనిషిని నేను. తుపాకుల క్లబ్బు షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా కాఫీ పోసేది నేనే. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివాక కూడా వాగేవాళ్ళు వాగుతారు, కాకపోతే తెలిసి వాగుతారు.

మా వీధిలో చివరి ఇల్లు ఐలిది. అరవై ఒకటి నిండాయి. సామిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు రంపాల పళ్ళు నూరింది. ఆ పని చేసిన ఆడది ఆమెకు ముందు లేదు, మిల్లు మూతపడింది కాబట్టి తర్వాతా లేదు. పన్ను మీద వేలు ఆనించి, వెంట్రుకవాసి తేడా ఎక్కడుందో చెప్పేది. ఆ వేలే పోయింది. కుడిచేతి చూపుడు వేలు, రెండు కణుపుల దాకా, దుంగల్ని లాగే గొలుసులో పడి. రంపం కోసిందా అని ఎవరైనా అడిగితే ఆమెకి ఒళ్ళు మండేది. "రంపాలు నన్ను ముట్టుకోవు. వాటి పళ్ళు తోమేదాన్ని నేను. ఆ గొలుసుకే విశ్వాసం లేదు," అనేది.

కట్టు విప్పిన నెలకి క్లబ్బుకి వచ్చి నడివేలితో కాల్చడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకి నలభై ఏళ్ళు.

మాది నిలబడీ, కూర్చునీ, పడుకునీ కాల్చే పోటీ. అందరి రైఫిళ్ళూ ఒకే తరహావి. ఒక్కో నొక్కుకి ఒక్కటే తూటా పేలుతుంది, తర్వాతి తూటాని రైఫిలే ఎక్కించుకుంటుంది. ట్రిగ్గర్ ఎవరికి నచ్చింది వాళ్ళు కొని మార్చుకోవచ్చు, అడ్డేమీ లేదు. ఒకే ఒక్క షరతు, ఆ ట్రిగ్గర్ నాలుగున్నర పౌన్ల బరువు మోయాలి. పోటీకి ముందు ఖాళీ రైఫిల్‌ని గొట్టం పైకి నిలబెట్టి, ట్రిగ్గర్‌కి కొక్కెం తగిలించి, దాని కింద వేలాడే ఇనప దిమ్మని రైఫిల్‌తోనే బల్ల మీంచి పైకెత్తుతారు. లోపల తూటాని కొట్టే సుత్తి పడకుండా దిమ్మ గాల్లోకి లేచిందా, వరసలో నిలబడొచ్చు. టక్కుమని పడిందా, లేదు. మూడుసార్లు ఎత్తి చూస్తారు.

ఐలి రైఫిల్‌తో పాటు వచ్చిన ట్రిగ్గర్ ఏడు పౌన్లు లాగేది, మధ్యలో రెండుచోట్ల గరగరమనేది. వేళ్ళన్నీ ఉన్నవాళ్ళు తిట్టుకుంటూ లాగేస్తారు. ఈమెకి నడివేలు ట్రిగ్గర్ మీద ఉంటే పిడి పట్టుకోవడానికి బొటనవేలు కాక రెండు వేళ్ళే మిగులుతాయి. లాగేసరికి చెయ్యంతా తిరిగేది. ఒకప్పుడు బలంతో నెట్టుకొచ్చింది. అరవై దాటాక బలం అలిగింది.

జనవరిలో ఆమె, ఆర్వో లెహ్తో అనే ఆయన తుపాకుల కొట్టుకి బయల్దేరింది. నేనూ వెళ్ళాను. నాకేం పనని అడక్కండి, ఆమె బండి కదిలిన చప్పుడు విన్నాను, కోటు వేసుకున్నాను, అంతే.

ఆర్వో బల్ల మీద గుడ్డ పరిచి మూడు ట్రిగ్గర్లు పెట్టాడు. మొదటిదాన్ని వేలితో ముందుకి తోశాడు.

"ఇది రెండున్నర పౌన్లది ఐలీ. నీ చేతికి హాయిగా ఉంటుంది. ట్రిగ్గర్ బరువు షరతు లేని ఓపెన్ విభాగంలో బల్లకి ఆనించి కాల్చుకోవచ్చు."

"ఆ విభాగంలో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. మొదటి బహుమతి నీదే."

"ఆఖరిదీ నాదేగా. తీసెయ్ దాన్ని. ట్రిగ్గర్లు అమ్ముకో, జాలి అమ్మకు."

రెండోది తిన్నగా పలకలా ఉంది. మూడోది కొడవలిలా వంపు తిరిగింది. తిన్నటిదాని మీద నడివేలు ఎక్కడ పెట్టినా కుదురుగా కూర్చుంది. ఐలి కళ్ళు మూసుకుని పదిసార్లు లాగింది, గరగర లేదు. ఆర్వో దాని నడుమ తూకం కొక్కెం పెట్టి లాగి, అయిదు పౌన్లు అన్నాడు. షరతు కన్నా అర పౌను ఎక్కువే. నేను కూడా పెద్ద తెలిసినదానిలా తలూపాను. మూడోదాన్ని ఎవరమూ సరిగ్గా చూడలేదు. ఆర్వో లేళ్ళ వేటగాళ్ళకి అమ్మే మనిషి, పోటీ తూకం చూసి ఎన్నేళ్ళయిందో.

ఏప్రిల్ పోటీ నాటికి గురి పలకల వెనక ఇంకా మంచు ఉంది. తూకం వేసేది మా క్లబ్బు పెద్ద తౌనో హార్యు. ఐలి వంతు వచ్చింది. తౌనో కొక్కెం తగిలించి ఎత్తాడు. కొక్కెం ఆ నున్నటి పలక మీద సర్రున కిందికి జారి చివర ఆగింది. టక్!

మళ్ళీ ఎత్తాడు. టక్. మూడోసారి ఊపిరి బిగబట్టి ఎత్తాడు. టక్.

పద్నాలుగు మంది మగాళ్ళు ఒకేసారి తమ బూట్లు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో, "ఊదితే పేలేట్టుందే," అన్నారు. ఇంకెవరో కిసుక్కుమన్నారు.

"ఓపెన్‌లోకి రాసుకోనా ఐలీ?" అన్నాడు తౌనో మెల్లగా.

"రాయొద్దు." ఆమె రైఫిల్ సంచిలో పెట్టుకుంది. "సెప్టెంబరులో వస్తాను. ఆ దిమ్మ పారేసుకోకండి."

ఆమె కారు మలుపు తిరగకముందే మొదలైంది మాట. దొంగ ట్రిగ్గరట. పాపం, చెయ్యి అలాంటిది కదా, ఏం చేస్తుంది. ఆ 'పాపం'కి నాకు 'దొంగ' కన్నా ఎక్కువ మండింది.

రెండు వారాలాగి నేను గిన్నెడు కూర పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కూర సాకు, ఒప్పుకుంటాను. వంటింటి బల్ల మీద రైఫిల్ నిలబెట్టి ఉంది, గుండు లేదని నాకు ముందే తెరిచి చూపించింది. కాఫీ డబ్బాలో మేకులు నింపి, కోటు తగిలించే తీగతో కొక్కెం చేసి వేలాడదీస్తోంది.

"ఏమే, మేకులు ఎండబెడుతున్నావా?"

"డబ్బాతో సహా నాలుగున్నర పౌన్లు, ముమ్ము." ఊళ్ళో చిన్నా పెద్దా నన్ను ముమ్ము అనే పిలుస్తారు, అమ్మమ్మని. "ఇటు చూడు. తీగ నడుమ పట్టి ఉంచాను. మోస్తోందా?"

మోస్తోంది.

"ఇప్పుడు వదిలేస్తున్నాను."

తీగ జారి చివరికి వెళ్ళింది. టక్.

"పొడుగు కర్రతో దుంగ తేలిగ్గా లేవదూ? అదే ఇది. నడుమ అయిదు పౌన్లయితే చివర నాలుగే. వంపు ఉన్న ట్రిగ్గర్ అయితే కొక్కేన్ని నడుమే పట్టి ఉంచుతుంది. ఇది తిన్నగా ఉంది, పట్టలేదు. ముప్ఫై ఏళ్ళు ఇనుముతో బతికాను, అంత మొద్దుని ఎలా అయ్యానో!"

"అయితే వెళ్ళి చెప్పు అందరికీ!"

"నేనా? నోటితోనా? నేను పడింది ఇనుము ముందు. లేచేదీ ఇనుము ముందే."

జూన్‌లో తౌనో ఆమె ఇంటికి వచ్చాడు, చేతిలో భార్య చేసిన యాలకుల రొట్టె. నేనప్పుడు అక్కడే బఠాణీలు ఒలుస్తున్నాను, అదృష్టం కొద్దీ.

"క్లబ్బులో మాట్లాడుకున్నాం ఐలీ. నీ ఒక్కదానికి మూడు పౌన్లకి ఒప్పుకుందామని. చెయ్యి పైకెత్తి ఓటేశారు, ఒక్కడు కూడా కాదనలేదు."

ఐలి రొట్టె తీసుకుని బల్ల మీద పెట్టింది. "అందరూ ఎత్తారా చేతులు?"

"అందరూ."

"వేళ్ళన్నీ విప్పి?"

తౌనో ముఖం ఎర్రబడింది. "నీ మంచికే కదే!"

"నా బరువు తగ్గించడానికి ఓట్లెందుకు తౌనో? మీ నోళ్ళు తగ్గించడానికి వేసుకోండి. ఏప్రిల్లో నన్ను దొంగ అన్నారు, జూన్‌లో అవిటిదన్నారు. వచ్చే నెల ఏమంటారో ముందే చెప్పు, మంచి బట్టలు కట్టుకుని కూర్చుంటాను."

"సెప్టెంబరులో మళ్ళీ పడితే నీ పేరు వరసలోంచి తీసెయ్యాల్సి వస్తుంది. కమిటీ మాట. అప్పుడు ఓపెనే, లేకపోతే ఇల్లే."

"తీసెయ్యండి. పడితే."

అతను వెళ్ళాక రొట్టె కోసింది. "వాళ్ళావిడకి థాంక్స్ చెప్పమని అరవనా?" అన్నాను. "ఆవిడ ఓటెయ్యలేదుగా. తిను," అంది.

మర్నాడే ఆర్వో కొట్టు. ఆర్వో సిగ్గుపడుతూనే ఒక ఉపాయం చెప్పాడు. "ట్రిగ్గర్ పలక మీద చిన్న గాడి గీస్తాను. కొక్కెం అందులో నిలబడుతుంది. ఎవరికీ తెలీదు."

"నాకు తెలీదూ? నిజంగానే దొంగని చేస్తావా? వంపుది తియ్యి. ఆ వేళ చూడకుండా వదిలేసింది."

వంపు తిరిగినవి రెండు రకాలు తీశాడు. ఒకటి కదలకుండా ఉండి, అంత బరువూ ఒక్కసారే తెగి సుత్తిని పడేసేది. ఇంకోటి రెండు మెట్లది. మొదటి మెట్టులో మూడొంతుల బరువు మెల్లగా లాగాలి, అక్కడ గోడ తగిలినట్టు ఆగుతుంది, ఆ తర్వాత మిగిలిన కొంచెం. రెండిటిలో ఏది నొక్కినా పేలేది ఒక్క తూటానే, అది మాత్రం నా నెత్తిన కొట్టినా చెబుతాను.

ఐలి గంటన్నర కూర్చుంది. మొదటిదాన్ని లాగితే తెగే క్షణానికి భుజం దాకా వణుకు. రెండోది పట్టుకుంటే మొదట వంపులో వేలు సరిగ్గా కుదరలేదు, పక్కకి ఒరిగింది. పిడి మీద చెయ్యి కాస్త కిందికి దించింది. ఇంకాస్త. కళ్ళు మూసుకుంది. నేను ఆమె వేలినే చూస్తున్నాను. లాగింది, గోడ దగ్గర ఆగింది, రంపం పన్ను మీద ఆనించినట్టు ఆనించింది. వణుకు అక్కడే నిలిచిపోయింది. అప్పుడు తెంచింది.

"ఇది ఎంత తూగుతుంది?"

"వంపు నడుమ నాలుగూ ముప్పావు. కావాలంటే ఇంకొంచెం తగ్గించి..."

"కదిలించకు!"

వేసవంతా ఆమె ఇంటి వెనక గదిలోంచి ఖాళీ రైఫిల్ చప్పుడు రోజూ వందసార్లు వినిపించేది. లెక్కెలా తెలుసంటారా? మా కిటికీ అటే ఉంది.

సెప్టెంబరు పోటీకి ఊళ్ళో సగం మంది వచ్చారు. కాల్చని వాళ్ళు కూడా వచ్చి నా కాఫీ తాగారు. తౌనో కొక్కెం తగిలించాడు. అది వంపులోకి దిగి నడుమ కూర్చుంది. రైఫిల్ పైకి లేచింది. దిమ్మ బల్ల మీంచి లేచి గాల్లో తిరిగింది. చప్పుడు లేదు.

"సరిపోయింది," అన్నాడు తౌనో, దించబోతూ.

"మళ్ళీ ఎత్తు," అంది ఐలి.

"ఒక్కసారి చాలే."

"మూడుసార్లు పడింది. మూడుసార్లు ఎత్తు. నవ్వినవాళ్ళు ముందుకి రండి, వెనక నుంచి కనపడదు."

రెండోసారి ఎత్తాడు. మూడోసారి ఎత్తి, తనంతట తానే పట్టుకుని పది లెక్కపెట్టాడు. అది చూసి అతని మీద నాకున్న కోపం సగం పోయింది. మిగతా సగం అలాగే ఉంచాను.

ఐలి వరసలో నిలబడి కాల్చింది. గెలవలేదు. పదిహేను మందిలో ఏడోది. నిలబడి కాల్చిన వాటిలో రెండు గురి పలక అంచున తగిలాయి కూడా. ఇది కూడా నిజం కాబట్టి రాస్తున్నాను.

ఆ సాయంత్రం శనివారం. మా సౌనాలో, అదే ఆవిరి స్నానాల గదిలో, ఎప్పటిలాగే ఆడవాళ్ళ వంతు ముందు. మిగతావాళ్ళు స్నానం ముగించి వెళ్ళిపోయాక పై మెట్టు మీద ఐలీ నేనూ మిగిలాం. సౌనాలో అబద్ధం చెప్పకూడదని మా అమ్మ నేర్పింది. ఆమె అలిసిపోయి ఉంటుందని నేను ఆవిరి మరీ కమ్మకుండా, కాలిన రాళ్ళ మీద గరిటెతో నీళ్ళు తక్కువ తక్కువ పోస్తున్నాను. ఇంక ఆగలేక అడిగేశాను.

"ఐలీ, నిజం చెప్పు. ఆ మూడు పౌన్లకి ఒప్పుకుని ఉంటే మొదటి ముగ్గుర్లో ఉండేదానివి. అందరూ మనస్ఫూర్తిగానే ఇచ్చారు. ఎందుకు కాదన్నావు?"

ఐలి మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కుడిచెయ్యి తిప్పి చూసుకుంది.

"వేలు పోయి మిల్లుకి తిరిగొచ్చిన రోజు మేస్త్రీ నాకు చిన్న రంపాలు ఇచ్చాడు ముమ్ము. మంచివాడే. ఆ పెద్ద రంపం మళ్ళీ నా బల్ల మీదికి రావడానికి నాలుగేళ్ళు పట్టింది, రోజూ అడగ్గా అడగ్గా. ఇప్పుడు నాకు అరవై ఒకటి, ఇంకో నాలుగేళ్ళు అడుక్కునే ఓపిక లేదు. ఏడో దాన్నయితే ఏడో దాన్నే, వాళ్ళు మోసిన బరువే మోసి అయ్యాను. నువ్వు కూడా ఆ గరిటె నిండా పొయ్యి. నాకోసమని తగ్గిస్తున్నావు, చూడట్లేదనుకున్నావా?"