సొప్పమోపుల చాటున ఆరేసిన గుడ్డ

2022 వానాకాలం. ఆళ్లగడ్డ దగ్గరి ఓ పల్లెలో నేను ఏఎన్ఎంని, అంటే ఇంటింటికీ తిరిగే నర్సుని. ఎంత వాగుడుకాయలైనా, నెలసరి మాటెత్తితే మా ఊరి ఆడవాళ్ల నోటికి తాళం పడేది. నాకు ఒళ్లు మండేది.

లక్ష్మీదేవికి నిండా ఇరవయ్యారేళ్లు లేవు. పొత్తికడుపులో నొప్పి, తెల్లబట్ట, జ్వరం. మందులు వాడితే తగ్గేది, మళ్లీ వచ్చేది. అత్త సుబ్బమ్మ విసిగిపోయి, గర్భసంచి తీయించడానికి నంద్యాల ప్రయాణం పెట్టింది.

"ఇద్దరు పిల్లోల్లు పుట్టినారు గదమ్మా, ఇంగ దాంతో ఏం పని? నాకూ ఈ వయసులోనే తీపిచ్చినారు," అంది.

కోడలు నా చెయ్యి వదల్లేదు. "భయమైతాంది సిస్టరమ్మా. కడుపు కోపిచ్చుకోను నాకిష్టం ల్యా."

నేనూ వెంట వెళ్లాను. డాక్టరమ్మ స్కాన్ చూసి, సంచి బాగానే ఉందని, ఇది పీఐడీ అని చెప్పింది. అంటే గర్భసంచికీ దాని చుట్టుపక్కలకూ పట్టే ఇన్‌ఫెక్షన్. మొగుడూపెళ్లాలిద్దరికీ మందులు రాసి, "నెలసరి గుడ్డలు శుభ్రంగా లేకపోయినా తిరగబెట్టొచ్చు, కాస్త కనుక్కో," అని నాకు అప్పజెప్పింది.

ఊరికొచ్చాక, గుడ్డలు యాడ ఆరేస్తావని అడిగితే లక్ష్మీదేవి తల వంచుకుంది. సుబ్బమ్మే నన్ను పశువుల కొట్టంలోకి తీసుకెళ్లి సొప్పమోపుల వెనక చూపించింది. గుడ్డ చెమ్మగా ఉంది, ముక్కిన వాసన కొడుతోంది.

"బయటేస్తే పాము దాటదా? దాటితే ఇంటికే దోషం. మొగోల్ల కండ్లబడినా అంతే."

"పాము ఎండలో తీగమీదికొస్తాదా అత్తా, ఈ చీకటిమూలకొస్తాదా?" అన్నాను.

సుబ్బమ్మ మోపుల సందులోకి చూసి, చటుక్కున వెనక్కి జరిగింది. మరునాడు సబ్బుతో ఉతికిన కొత్త గుడ్డలు మిద్దెమీద ఎండలో ఉన్నాయి. చుట్టూ తన చీరే పరదాగా కట్టింది.

కోడలి నొప్పి తగ్గింది, మళ్లీ రాలేదు. ఆపరేషన్ అక్కర్లేదని డాక్టరమ్మ తేల్చిన రోజు ఆ ఇంట్లో అందరి మొహాలూ వెలిగాయి, సుబ్బమ్మది తప్ప. నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది.

"అట్లయితే నాది ఉత్తపున్నేనికి తీసేసినారా సిస్టరమ్మా?"

ఆమెకేం జబ్బుండేదో ఇప్పుడెవరు చెప్పగలరు? పక్కన కూర్చుని ఆమెతోపాటు నేనూ ఏడ్చాను. అప్పటినుంచి ఏ ఇంటికెళ్లినా ముందు అత్తతోనే మాట్లాడుతున్నాను. కోడలి వయసులో ఉన్నప్పుడు, గుడ్డ ఎక్కడ ఆరేస్తున్నావమ్మా అని సుబ్బమ్మను అడిగిన మనిషి ఒక్కరూ లేరు.