సింహాచలం చుట్టూ నడవని ఆషాఢం

తెలుగువాళ్ళ రెండు రాష్ట్రాలు కలిసిన మరుసటేడు పెళ్ళయి, పట్నం పాతబస్తీలోని ఛత్రినాకకు కాపురానికి వచ్చాను. మాది సింహాచలం కొండ కింది ఊరు. మా ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో ఆయన, అత్తగారు, నేను. కొత్తలో నన్ను బాధపెట్టింది ఇక్కడి ఎండ కాదు, గాలి. ఉప్పు తగలని గాలి ఎంత పీల్చినా గాలి పీల్చినట్టుండేది కాదు. ఆ మాట పైకి అన్నందుకు అత్తగారు ముక్కున వేలేసుకుంది.

"గాలికి గూడ ఉప్పు గావాల్నా మీ దిక్కు?"

మా కొండ నిండా ధారలే. గంగధార, ఆకాశధార, మాధవధార. ఒక్కో ధార నీళ్ళది ఒక్కో చలి. కార్తీకంలో మాధవధార దగ్గర వనభోజనాలకు పోయినప్పుడు, పెద్దవాళ్ళు పొయ్యిలు వెలిగించుకుంటుంటే ఆడపిల్లలం పరికిణీలు బిగించి ధార కింద దూరేవాళ్ళం. పెదాలు నీలం తిరిగేదాకా బయటికి వస్తే ఒట్టు. ఎండాకాలం వస్తే అనాసలూ పనసలూ సంపెంగలూ గంపల్లో కొండ దిగేవి. స్వామి ఏడాది పొడుగునా చందనం కిందే ఉండి ఒక్కరోజు అసలు రూపం చూపిస్తాడు. ఆ రోజు ఊళ్ళకు ఊళ్ళే వచ్చి పడేవి. నాకు మాత్రం ఆషాఢ పున్నమికి చేసే గిరి ప్రదక్షిణే ఇష్టం.

తొలిపావంచా అనే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి, చెప్పుల్లేకుండా కొండనంతా చుట్టి రావాలి. దారిలో సముద్రం వస్తుంది. అందులో మునిగి తడిబట్టలతోనే మళ్ళీ నడక. దారి పొడుగునా భజనలు, ఇళ్ళ ముందు మజ్జిగ కడవలు. మా అమ్మ ఏ ఏడూ మానలేదు. ఆమె కొంగు పట్టుకుని నేనూ మానలేదు.

పెళ్ళయిన మొదటి ఆషాఢం కొత్త కోడలిని పుట్టింటికి పంపాలి గనుక పంపారు, నడిచాను. రెండో ఏడు, ఏదో పని మీద పట్నం వచ్చిన మా మేనమామ, అమ్మకి మోకాళ్ళు వాచాయనీ ఈసారి నడవలేనంటోందనీ చెప్పి వెళ్ళాడు. ఆమె బదులు నేను నడవాలని నా పంతం.

"పోయినేడు పోయి రాలే?" అంది అత్తగారు. "కొత్త కోడలికి ఒక్కపాలే ఆషాఢం. ఈ యేడు మనింట్ల బోనం ఉంది. నువ్వు పోతే ఎవ్వలెత్తాలె? నాతోని అయితదా?"

ఆమె చెడ్డ మనిషైతే హాయిగా తిట్టుకునేదాన్ని. కాదే! అదే నా కడుపుమంట. మా ఆయన నా దిగులు పోగొడదామని లాడ్ బజారుకు తీసుకుపోయి రెండు చేతులకూ గాజులు తొడిగించాడు. గాజులు చాలా బాగున్నాయి. దిగులు ఎక్కడిదక్కడే ఉంది.

పున్నమి పొద్దున తలకు పోసుకుని, కాళ్ళకు పసుపు రాసుకుని, కొబ్బరికాయ చేత పట్టుకున్నాను. ఫలక్‌నుమా గుట్ట చుట్టి వస్తానని అత్తగారికి చెప్పాను.

"గా గుట్ట మీద దేవుడేడున్నడే? నవాబు మహలున్నది."

"దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడు అత్తయ్యా. నేను మాత్రం నడవాలి."

పిల్లకు మతి చలించిందనే అనుకొని ఉంటుంది. ఒంటరిగా పంపలేక, దిష్టి తగలకుండా ఒక వేపమండ విరిచి పట్టుకుని నా వెనకే వచ్చింది.

రైలుకట్ట దాటాం. గుట్ట కింద రాళ్ళు అప్పటికే కాలుతున్నాయి. ఒక టాంగా అతను బండి ఆపి, "కాఁ జారే అమ్మా? బైఠో" అని ఎక్కమన్నాడు. "నై భాయ్, మన్నత్ హై" అంది అత్తగారు. మొక్కు అని ఆమె నోట రావడం నాకు ఆశ్చర్యమే.

గుట్ట అవతలి బస్తీలో ఇళ్ళ ముందున్న ఆడవాళ్ళు నా తడి జుట్టూ పసుపు కాళ్ళూ, వెనక వేపమండా చూశారు. ఆషాఢం కదా, బోనమెత్తే మొక్కున్నదాన్ననుకున్నారు. నైవేద్యపు కుండ నెత్తిన పెట్టుకుని బోనం ఎత్తే మనిషిలోకి అమ్మవారు వస్తుందని ఇక్కడ ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. ఒకామె బిందె తెచ్చి నా కాళ్ళ మీద వంచి దండం పెట్టింది. ఆమెను చూసి ఇంకొకామె. నేను కాదని చెప్పబోయాను. అత్తగారు మోచెయ్యి నొక్కింది.

"ఊకో. పోయనియ్యి."

కాలిన పాదాలకు ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో!

చుట్టు పూర్తిచేసి, కాయ కొట్టి, ఒక బండ మీద కూర్చున్నాం. అత్తగారు కాళ్ళు ఒత్తుకుంటూ అడిగింది.

"సముద్రం సముద్రం అని రోజు నన్ను సంపుతవు గదా. గది సప్పుడెట్ల జేస్తది? నేనెన్నడు సూడలే."

ఎవరైనా అడిగితే బాగుండునని ఏడాదిగా ఎదురుచూసిన ప్రశ్న అది. కళ్ళు మూసుకున్నాను. ఎక్కడో డప్పులు వినిపించాయి. రైలు కూత వినిపించింది. చిన్నప్పట్నుంచీ ఏటా ఆ నడకలో విన్న హోరు మాత్రం ఎంత వెతికినా చెవిలోకి రాలేదు.

"గుర్తు రావడం లేదత్తయ్యా" అన్నాను. ఇక ఆగలేక భోరున ఏడ్చాను. ఆమె కొంగుతో నా మొహం తుడిచి ఇంటికి తీసుకొచ్చింది.

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి ఇంకా చొక్కా విప్పలేదు.

"రేపు దీన్ని రైలెక్కియ్యి" అంది అత్తగారు.

"పున్నమి అయిపాయె గదమ్మా?"

"పున్నమి పోతే సముద్రం గూడ పోయిందారా? బోనం నేనెత్తుత. అంత మరిచిపోకముందే తోలు."