దెయ్యానికి నవ్వు షాట్ ఉండదు

మా బేబీ అక్కను సినిమావాళ్ళు పిలిచేది దెయ్యం కావాల్సి వచ్చినప్పుడే. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆన్చి, నడుము ఒక పక్కకి విసిరి నడుస్తుంది. సెక్టర్ 2 మార్కెట్లో చీరలకి ఫాల్ కుట్టే కొట్టుకి ఏళ్ళ తరబడి అలాగే నడిచి వెళ్తోంది, ఎవరూ జడుసుకోలేదు. జుట్టు విరబోయించి కెమెరా ముందు పెడితే మాత్రం అదే నడక జనానికి వణుకు పుట్టిస్తుందట. ఏం జనమో!

హిందీ రాష్ట్రంలో ఉన్న మా ఉక్కు ప్లాంటు ఊరి కుర్రాళ్ళు తీసే చిన్న చిన్న హిందీ సినిమాలు అవి. పగబట్టిన శవం, పగబట్టిన మంత్రగత్తె, ఎవరైనా సరే, కాలో చెయ్యో కన్నో పోయి ఉండాలి. అక్క ఆ వేషాలన్నీ వేసింది. తన కోరిక మాత్రం వేరు. తెర మీద ఒక్కసారి బతికున్న మనిషిగా కనబడాలి. బొట్టు పెట్టుకుని, మామూలుగా.

పోయిన చలికాలం సంజయ్ వచ్చాడు. మా నాన్నతో ప్లాంటులో పనిచేసిన గురునాథరావుగారి అబ్బాయి, ఇప్పుడు డైరెక్టరు. కథ చెప్పాడు. కుంటిదని కొత్త పెళ్ళికూతుర్ని భర్తా అత్తా కలిసి చంపేస్తారు. ఆమె దెయ్యమై వచ్చి ఇద్దర్నీ చంపుతుంది.

"రెండూ నువ్వే దీదీ. దెయ్యమే కాదు, దుల్హన్ కూడా" అన్నాడు.

ఊరందరి చీరలకీ ఫాల్ కుట్టే మనిషి, ఎర్రచీర ఒకటి కొని తనకోసం కుట్టుకుంది.

హథ్‌ఖోజ్‌లో మూతపడిన ఫ్యాక్టరీ షెడ్డులో షూటింగ్. తోడు నేనే వెళ్ళాను. అక్కడ పెళ్ళికూతురి ముస్తాబులో స్మృతి నగర్ అమ్మాయి వాసవి కూర్చుని ఉంది. రెండు కాళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి.

"ప్రొడ్యూసర్ మాట దీదీ, క్యా కరూఁ, నేనేం చెయ్యను? ప్రేమపాట ఉంది కదా..." అని నసిగాడు సంజయ్. "వాసవికి కొంచెం ఆ నడక నేర్పించు."

నాకు ఒళ్ళు మండింది. అక్క మాత్రం నేర్పింది. "కాలు ఈడ్సకు పాపా, నడుముకాడి నుంచి ఇసురు" అంటూ ఆ అమ్మాయిని షెడ్డంతా తిప్పింది. తిప్పి తిప్పి అలిసిపోయింది. ఎర్రచీర సంచీలోనే ఉండిపోయింది.

వాసవి చచ్చే సీను అయ్యింది. సినిమావాళ్ళకి ఒక ఆచారం ఉంది. చచ్చినట్టు నటించినవాళ్ళని వెంటనే లేపి, కెమెరా ముందు నవ్వించి షాట్ తీస్తారు, కీడు పోతుందని. ఆ ముక్క సినిమాలో పెట్టరు. వాసవి కిలకిలా నవ్వింది, అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత అక్క వంతు. పూజారి త్రిశూలంతో పొడిస్తే దెయ్యం కూలిపోయింది. "ప్యాకప్" అన్నాడు సంజయ్. అక్క నేలమీంచి లేవలేదు.

"నాకు నవ్వు షాట్ తియ్యవేటిరా?"

"నువ్వు దెయ్యానివి దీదీ. ముందే చచ్చిపోయావు. దెయ్యానికెందుకు?"

"దెయ్యం ఏసం ఏసినాను. నాను సచ్చిపోనేదురా."

అక్క మెల్లగా లేచి కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. జుట్టు ముడేసుకుంది. ఎర్రచీర కట్టుకుని బొట్టు పెట్టుకుంది. తన నడకతోనే కెమెరా ముందుకి వచ్చి, నిలబడి నవ్వింది. సంజయ్ షాట్ తీశాడు. అలసిపోయిన నవ్వే, కానీ ఎంత బాగుందో! అచ్చం మా అమ్మ నవ్వు.

వేసవిలో ఆ సినిమా ఒక చిన్న హాల్లో వేశారు. ఇద్దరం వెళ్ళాం. త్రిశూలం దిగింది, దెయ్యం పడింది, తెర నల్లబడింది. హమ్మయ్య అనుకుని జనం లేవబోతుంటే ఢమఢమా డప్పులు మోగాయి. ఎర్రచీరలో అక్క నడిచొచ్చింది. నవ్వింది. దెయ్యం ఇంకా చావలేదన్నమాట. హాలంతా కెవ్వుమంది. వెనక వరసలో ఎవరిదో పసిపిల్ల ఏడుపందుకుంది.

సంజయ్ పరుగున వచ్చాడు. "దీదీ, సూపర్‌హిట్! సినిమా మొత్తంలో ఆ షాట్‌కే అందరూ జడుసుకున్నారు!"

వాడి చెంప పగలగొట్టాలనిపించింది నాకు. అక్క ఖాళీ తెరవైపు వేలు చూపించింది.

"అప్పుడు నాను ఏ ఏసమూ ఎయ్యనేదురా, సంజయ్" అంది.