ఐదు సూత్‌ల కడ్డీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో లెక్కలు వచ్చింది నాకొక్కదానికే అని నా గట్టి నమ్మకం. అప్పుడు నాకు పదకొండేళ్ళ నాలుగు నెలలు. హఫీజ్‌పేట్‌లో ఉండేవాళ్ళం. మా నాయన రోజూ రైలెక్కి, సైన్యానికి విడిభాగాలు చేసే ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు. లేత్ మిషన్ మీద ఇనుప కడ్డీలు చెక్కడం ఆయన పని. పద్దెనిమిదేళ్ళుగా అంగుళాల్లో చెక్కిన మనిషిని, కొత్త మిషన్లు వచ్చాయని, ఆ సంవత్సరం మిల్లీమీటర్లు నేర్చుకోమన్నారు. ఆరు వారాల క్లాసు, చివర పరీక్ష. తప్పితే మిషన్ మీద నుంచి తీసేసి గోదాములో పెట్టెలు మోయిస్తారు.

నాయన నాలుగో తరగతితో బడి మానేసినవాడు. ఒక మంగళవారం సాయంత్రం నోట్‌బుక్ తెచ్చి నా ముందు కూర్చున్నాడు. అంగుళంలో ఎనిమిదో వంతును వాళ్ళు సూత్ అనేవారు. ఒకటి నుంచి ఎనిమిది సూత్‌ల దాకా ఎన్నెన్ని మిల్లీమీటర్లో రాసిమ్మన్నాడు. బయట తొక్కుడుబిళ్ళకు నన్ను పిలుస్తున్నారు. గబగబా రాసిచ్చాను.

"జర మళ్ళొక్కసారి చూస్తవా బిడ్డా?"

"నేను తప్పు చెయ్య నాయనా. లెక్కలు రానిది నీకు."

బియ్యం చెరుగుతున్న అమ్మ చేతిలో చాట ఆగిపోయింది. నాయన మాత్రం నవ్వి, "అవు గదా" అన్నాడు. ఆ ఎనిమిది అంకెలనూ రైల్లో పోతూ వస్తూ వల్లె వేశాడు.

పరీక్షలో ఆయనకు వచ్చింది ఐదు సూత్‌ల మందం కడ్డీ; మిల్లీమీటర్ల లెక్కన చెక్కాలి. ఆ శనివారం ఆయనతో పాటు పనిచేసే మామ కూడా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నన్ను పట్టుకున్నాడు.

"మీ నాయన ఫేలైండు. సన్నగైతున్నదని వేలు పెట్టంగనే ఎరుకైంది ఆయనకు. మరెందుకు చెక్కినవంటె, మా బిడ్డ రాసింది తప్పుగాదు అంటడు!"

"ఇగ ఊకో" అన్నాడు నాయన.

నోట్‌బుక్ తీశాను. 15.875 ఉండాల్సిన చోట 15.785 రాశాను. తేడా మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. నాయన కోప్పడలేదు. సంచిలోంచి రెండు కడ్డీలు తీశాడు. ఒకటి సరైనది, రెండోది తాను చెక్కింది. కళ్ళు మూసుకోమని నా చేతుల్లో పెట్టాడు.

"ఏది సన్నగున్నది చెప్పు."

ఎంత తడిమినా నాకు తెలియలేదు.

"గిది తెల్వనీకె నాకు పద్దెనిమిదేండ్లు పట్టింది. లెక్క తెల్వనీకె నీకు గన్నేండ్లు పట్టదు తీ" అన్నాడు. తిట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు.

మళ్ళీ పరీక్ష పెట్టేదాకా మూడు నెలల పదకొండు రోజులు ఆయన పెట్టెలు మోశాడు. నేను కేలండర్‌లో రోజుకొక గీత గీశాను. తప్పు నాదని మాత్రం, ఆయన బతికున్నంత కాలం, నోరు తెరిచి చెప్పలేకపోయాను.

ఇప్పుడు నల్లగండ్లలో మనవరాలి దగ్గర ఉంటున్నాను. సైన్యానికి డ్రోన్లు చేసే కంపెనీలో ఆమె పాత పనివాళ్ళకు కంప్యూటర్ మిషన్లు నేర్పుతుంది. మొన్న సోమవారం, "ఆ అంకుల్స్ చెప్పిందే మళ్ళీ అడుగుతారు అమ్మమ్మా" అని విసుక్కుంది. నేను బీరువాలోంచి రెండు కడ్డీలూ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టి, నాయనతో చెప్పలేనిది ఆమెతో చెప్పాను.

అప్పుడప్పుడు ఒక్కదాన్నే కళ్ళు మూసుకుని ఆ రెంటినీ తడిమి చూస్తాను. ఏది సన్నదో ఇప్పటికీ నాకు తెలియదు.