నిత్యానందం విప్పనన్న టీవీ

గిద్దలూరులో రాచర్ల రోడ్డు మీద నిత్యానందానికి టీవీలు బాగుచేసే దుకాణం ఉంది. ఎల్ఈడీ టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, స్పీకర్లు, రిమోట్లు, ఏది తెచ్చినా కాదనడు. మనిషి నెమ్మది, మాట మెత్తన. అయితే వెనక పెద్ద డబ్బాలాగా పొడుచుకొచ్చిన పాతకాలపు పిక్చర్ ట్యూబు టీవీని మాత్రం గడప దాటనివ్వడు. ఎందుకని అడిగితే, "అవి ముట్టుకోనని మా రాహేలు మాట తీసుకున్నది" అనేవాడు. భార్యకిచ్చిన మాట అన్నాక ఎవరూ రెట్టించరు.

నిజానికి రాహేలు ఏ మాటా తీసుకోలేదు.

నిత్యానందం తండ్రి కొమరోలు పక్క పల్లెలో కూలి చేసుకునేవాడు. పదహారేళ్ల కొడుకును మార్కాపురంలో రంగనాయకులు అనే రేడియో మెకానిక్కు దగ్గర పెట్టినాడు. రంగనాయకులు నేర్పిన మొదటి పాఠం సోల్డరింగ్ కాదు. టీవీ ప్లగ్గు పీకేసినా దాని ట్యూబులో కరెంటు నిలవుంటుందని, ముందు దాన్ని వదిలించకుండా లోపల చెయ్యి పెట్టకూడదని. ట్యూబు పక్కన ఒక రబ్బరు మూత ఉంటుంది. దానికొక లావాటి ఎర్ర వైరు. ఆ మూత కిందికి ఎర్తు వైరు కట్టిన స్క్రూడ్రైవర్ దూర్చాలి. కరెంటు ఉంటే 'టప్' మంటుంది. ఆ తర్వాతే పని.

ఇరవై ఏళ్లపాటు అట్లాగే చేశాడు. పదిహేనేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, దుకాణంలో ముగ్గురు కూర్చుని ఎదురుచూస్తుండగా, ఒక టీవీ విప్పి రబ్బరు మూత దగ్గర వేళ్లు పెట్టాడు. తర్వాత తెలిసింది వెనకున్న రాక్ కింద తాను పడి ఉండటమే. ఊపిరి అందలేదు. కళ్ల ముందు ఏమీ లేదు, చెవులు మాత్రం పని చేస్తున్నాయి. ఎవరో "పోయినాడు, పోయినాడు" అంటున్నారు. నేను పోలేదు అని చెప్పాలనుకున్నాడు. నాలుక కదల్లేదు.

చెయ్యి మూడు రోజుల్లో మామూలైంది. కానీ ఆ రోజు ట్యూబులో కరెంటు వదిలించాడా లేదా అనేది అతనికి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. వదిలించాననే నమ్మకంతోనే చెయ్యి పెట్టాడు. అదే అతన్ని తినేసింది. మరచిపోయి ఉంటే, ఇకమీద మరచిపోకుండా ఉండొచ్చు. చేశాననుకుని చేయకపోతే, దానికి ఏం జాగ్రత్త ఉంటుంది? అప్పటినుంచి ఎర్ర వైరు కంటబడితే చాలు, అరచేతుల్లో చెమట పట్టేది. మగవాడు భయమని చెప్పుకోలేక రాహేలు పేరు చెప్పాడు. రాహేలుకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఊరుకుంది.

మొన్న ఎండాకాలంలో సంధ్యారాణి వచ్చింది. ఇల్లు రాచర్లలో, అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరు. తండ్రి పిచ్చయ్య నల్లమల కొండల వైపు ఐదెకరాల రైతు. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది.

"అన్నా, టీవీ తెరంతా నల్లగయింది. నడుమ ఒకటే తెల్ల గీత" అన్నది.

నిత్యానందానికి రోగం వెంటనే అర్థమైంది. బొమ్మను నిలువునా సాగదీసే ఐసీ దగ్గర సోల్డరింగ్ విడిచి ఉంటుంది. ముప్పావు గంట పని.

"పాత టీవీనా?"

"ఇరవై ఒక్క ఇంచీలది."

"అయ్యి ఇప్పుడెవరు చూస్తున్నారమ్మా. కొత్తది కొనుక్కోండి."

"కొత్త దాంట్లో మా నాయన గేమ్ ఆడదన్నా."

ఆమె చెప్పింది. చిన్నప్పుడు ఇంట్లో వీడియో గేమ్ ఉండేది, దానితోపాటు ఒక ప్లాస్టిక్ గన్ను వచ్చింది. తెరమీద ఎగిరే పిట్టల్ని గన్నుతో కొట్టాలి. ఆస్పత్రిలో చెప్పిన ఎక్సర్‌సైజులు చేయమంటే పిచ్చయ్య గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు అటకమీది సామాన్లు దించుతుంటే ఆ గన్ను బయటపడింది. అది చూసి ఆయన ఎడమ చేత్తో కుడి చేతిని పట్టి లేపి, గన్ను అందుకోబోయాడు. ఆ చెయ్యి లేవడం సంధ్యారాణి నెలల తర్వాత చూసింది.

కానీ పిట్టలు మరీ జోరు. ఒక్కటీ తగల్లేదు. తప్పినప్పుడల్లా తెరమీద ఒక బొమ్మ వచ్చి వెక్కిరించేది. పిచ్చయ్య గన్ను కింద పెట్టేశాడు. సంధ్యారాణి ఊరుకోలేదు. పాత గేముల్ని తమకు నచ్చినట్టు మార్చుకునే వాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్లు నెట్‌లో రాసి పెట్టినవి చదివింది. మెమరీ కార్డు దూర్చుకునే ఖాళీ గేమ్ క్యాసెట్ ఒకటి తెప్పించింది. రెండు నెలలు కూర్చుని గేమును మార్చింది. పిట్టలు పోయి అడవి పందులు వచ్చాయి. పచ్చని చెనక్కాయ చేలో అవి నింపాదిగా నడుస్తాయి. వెక్కిరించే బొమ్మను తీసేసింది.

"మా చేన్లో పందులు పడి పైరంతా తొక్కేసిన ఏడే ఆయన పడిపోయినాడు. ఇప్పుడు రోజుకు వందసార్లు చెయ్యి లేపుతున్నాడన్నా. కొత్త టీవీకి గన్ను పని చేయదు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు పంది ఉన్న చోట తెల్లగా ఒక్క మెరుపు వస్తది. ఆ మెరుపు గన్ను కంటికి పడాల. కొత్తవాట్లో అది ఆలస్యంగా వస్తది, గన్నుకు అందదు."

నిత్యానందం చేతిలోని రిమోట్ వైపే చూస్తూ విన్నాడు. అరచేతులు అప్పటికే తడిసినాయి.

"మా ఇంటామెకు మాటిచ్చినానమ్మా" అన్నాడు.

సంధ్యారాణి లేచి వెళ్లింది. పీడ విరగడైందనుకున్నాడు. కానీ ఆమె ఇంటికి కాదు, అడ్రసు కనుక్కుని తిన్నగా రాహేలు దగ్గరికే పోయింది, ఆ మాట నుంచి అతన్ని విడిపించమని అడగడానికి.

సాయంత్రం అన్నం పెడుతూ రాహేలు ఆ సంగతి చెప్పింది.

"ఏం చెప్పినావు మరి?" అన్నాడు నిత్యానందం, ముద్ద నోట్లో పెట్టుకోకుండా.

"ఏం చెప్తాను. నీ పరువు పోగూడదని, అవును నేనే మాట తీసుకున్నా అన్నా. ఆ పిల్ల ముందర అబద్ధమాడినా." పళ్లెంలో చారు పోసింది. "ఆ పిల్ల ఏడవలే. సరే అక్కా, రేపు నాకు స్కూలు లేదు, ఫోన్లో వీడియో చూసి నేనే విప్పుకుంటా అని పోయింది."

నిత్యానందం పళ్లెం ముందునుంచి లేవలేదు, తినలేదు కూడా. 'పోయినాడు, పోయినాడు' అన్న గొంతు చెవిలో మెదిలింది. ఈసారి ఆ గొంతు 'పోయింది' అంటోంది.

"నంబరు ఇచ్చిందా?"

"లేదు."

తెల్లవారి మొదటి ఆటోలోనే రాచర్ల దిగాడు. పిచ్చయ్య ఇల్లు ఎక్కడని ఇద్దరిని అడిగాడు. అడుగుతుంటే తన గొంతు తనకే సన్నగా వినిపించింది. నడుస్తున్నవాడు కాస్తా పరుగు అందుకున్నాడు. వీధిలో ఎవరో వింతగా చూశారు.

తలుపు తీసే ఉంది. ముందు గదిలో బల్లమీద టీవీ. వెనక మూత అప్పటికే ఊడదీసి గోడకు ఆనించి ఉంది. సంధ్యారాణి స్టూలు మీద కూర్చుని లోపలికి వంగి ఉంది. పక్కన ఫోన్లో ఎవడో హిందీలో చెప్పుకుపోతున్నాడు. ఆమె కుడి చేతిలో స్క్రూడ్రైవర్. ఎడమ చెయ్యి ట్యూబు పక్కగా లోపలికి పోయి ఉంది. ఆ చేతికి బంగారు గాజు. గాజుకీ ఎర్ర వైరు మూతకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం కూడా లేదు.

కేక నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాడు. ఉలిక్కిపడితే ఆ చెయ్యి ఎటు పోతుందో. గడపలోనే నిలబడి, పక్కింటివాడు పలకరించినట్టు మెల్లగా అన్నాడు.

"పాపా, నేను గిద్దలూరు మెకానిక్‌ని. అటే చూస్తుండు. ఇటు తిరగాకు. ముందు ఎడం చెయ్యి, ఎట్ల పోయిందో అట్లనే మెల్లగా ఎనక్కి తీసుకో."

"ప్లగ్గు పీకేసినాలే అన్నా."

"పీకినా అంతే. మెల్లగా తియ్యి."

ఆ చెయ్యి బయటికి రావడానికి పట్టిన కాసేపూ నిత్యానందం శ్వాస తీసుకోలేదు. రెండు చేతులూ ఆమె ఒళ్లోకి చేరాక, తలుపు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. ఏమయ్యేదో రెండు మాటల్లో చెప్పాడు. సంధ్యారాణి గాజు తీసి బల్లమీద పెట్టింది.

ఇక తప్పదు. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి దానికి ఎర్తు వైరు చుట్టి, రెండో కొస ట్యూబు ఎర్తుకు తగిలించాడు. రంగనాయకులు చెప్పినట్టు ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు. రబ్బరు మూత కిందికి మొన దూర్చాడు.

శబ్దం రాలేదు.

'టప్' మని ఉంటే ధైర్యం వచ్చేది. టీవీ కట్టేసి రెండు రోజులైంది గనక కరెంటు దానంతట అదే పోయిందా, లేక మొన తగలాల్సిన చోట తగల్లేదా? మళ్లీ దూర్చాడు. మళ్లీ. ఐదోసారి కూడా చప్పుడు లేదు. చేశానా? చేశాననుకుంటున్నానా? చెమట కళ్లల్లోకి దిగింది. స్క్రూడ్రైవర్ మొన ట్యూబు అద్దానికి కొట్టుకుని గలగలమంది.

"భయమా?"

మాట ముద్దగా వచ్చింది. మూల కుర్చీలో పిచ్చయ్య. నిత్యానందం ఆయన్ని అప్పటిదాకా చూడనేలేదు. ఎండిపోయిన మనిషి, కుడి చెయ్యి ఒళ్లో పడేసినట్టుంది.

ఎవరికీ చెప్పని మాట అంత తేలిగ్గా ఎట్లా వచ్చిందో. "అవును పెద్దాయనా. శానా భయం."

పిచ్చయ్య తల ఊపాడు. మాట కూడదీసుకోవడానికి కాసేపు పట్టింది. "నాగ్గూడా. ఎడం చెయ్యి గూడా పోతాదేమోనని. పొద్దున లేస్తానే ముందు దాన్నే కదిలిచ్చి చూసుకుంటా."

సంధ్యారాణి తండ్రి వైపు తిరిగింది. ఆ సంగతి ఆమెకు కూడా అప్పుడే తెలిసినట్టుంది. 

నిత్యానందం ఆరోసారి మొన దూర్చి, లోపలి ఇనప ముక్కకు తగిలిందని వేళ్లకు తెలిసేదాకా కదిపాడు. అట్లాగే పట్టుకుని పది లెక్కపెట్టాడు. అప్పుడు బోర్డు బయటికి లాగాడు. అనుకున్నదే, ఐసీ కాళ్ల చుట్టూ సన్నని నల్ల గీతలు, సోల్డరింగ్ విడిచి ఉంది. ఒక్కో కాలూ అతికాడు. రెండుసార్లు వేలు కాలింది. అన్నీ బిగించాక, తండ్రీకూతుళ్లను వసారాలోకి పొమ్మని, తాను గోడవార నిలబడి, కర్రతో స్విచ్చి నొక్కాడు.

ముందు గీత. తర్వాత అది విచ్చుకుని తెరంతా పరుచుకుంది. పచ్చని చేను, నింపాదిగా నడుస్తున్న పంది.

పిచ్చయ్యను లోపలికి తెచ్చి కూర్చోబెట్టారు. గన్ను చేతికిచ్చారు. చెయ్యి ముందు మోకాలి దాకా, తర్వాత రొమ్ము దాకా లేచింది. మూడు పందులు తప్పించుకుపోయాయి. నాలుగోది పడింది. ముసలాయన నవ్వలేదు, గన్నూ దించలేదు, ఐదోదాని కోసం చూస్తున్నాడు.

నిత్యానందం గిద్దలూరు చేరాడు.  రాహేలు అతని కాలిన వేలికి మందు రాసి, ఏమైందని అడక్కుండా కాఫీ ఇచ్చింది. అతనే మొత్తం చెప్పాడు, పిచ్చయ్యతో అన్న మాటతో సహా.

ఆ టీవీ ఏడు నెలలు ఆడింది. మధ్యలో రెండుసార్లు మొరాయిస్తే నిత్యానందం పోయి విప్పాడు. రెండుసార్లూ భయపడ్డాడు, రెండుసార్లూ పదిదాకా లెక్కపెట్టాడు. ఈలోగా సంధ్యారాణి నెట్‌లో పరిచయమైన వాళ్లు తయారుచేసిన కొత్తరకం గన్ను భాగాలు తెప్పించింది. దానికి చిన్న కెమెరా ఉంటుంది. టీవీ చుట్టూ నాలుగు బుల్లి లైట్లు అతికిస్తే కొత్త టీవీ మీదా గురి తెలుస్తుంది. వైర్లు అతికి గన్ను బిగించింది నిత్యానందమే. అది పనిచేసిన రోజు అందరికంటే ఎక్కువ సంతోషపడింది అతనే, ఇక ఆ ఇంట్లో ట్యూబు విప్పే పని లేనందుకు. పాత టీవీని ఇనప సామాన్ల వాడికి ఇచ్చేముందు తానే పోయి ట్యూబులో కరెంటు వదిలించి ఇచ్చాడు.

పిచ్చయ్య ఇప్పుడు కుడి చేత్తో గ్లాసు ఎత్తుకుని నీళ్లు తాగుతాడు. చొక్కా గుండీలు మాత్రం ఇంకా కూతురే పెట్టాలి. కొన్ని ఆదివారాలు చర్చి అయ్యాక నిత్యానందం, రాహేలు రాచర్ల పోతారు. మగవాళ్లిద్దరూ వంతులేసుకుని ఆడతారు. పందులు మరీ నిదానంగా పోతున్నాయని పిచ్చయ్య సణిగితే, సంధ్యారాణి వాటి జోరు కాస్త పెంచింది.