తలుపు పక్కన నిలబడ్డ పెట్టె

మా మాస్టారు పోయారని ఖతీఫ్ ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఒక పాత మాట. "రెండేండ్లు పాఠం చెప్పండి సార్. తర్వాత ఎండాకాలానికి మిమ్మల్ని మెక్సికో పంపే పూచీ నాది." ఆ మాట ఇచ్చింది మా అన్న. ఇక్కడ సౌదీలో ఇంగ్లీషు నేర్పే సెంటరు నడిపేది అతనే. మాస్టారి పాస్‌పోర్టు అతని బీరువాలోనే ఉండేది.

కడప కాలేజీలో నాకు భాషాశాస్త్రం చెప్పిన మనిషి ఆయన. వయసులో ఉండగా మెక్సికో కొండల్లో తరహుమారా ప్రజల మధ్య బతికి, వాళ్ల భాషలో క్రియ ఎలా కట్టుకుంటుందో పుస్తకం రాయడం మొదలుపెట్టారు. మన వాక్యంలాగే అక్కడా క్రియ చివర నిలుస్తుంది. దాని వెనక ఒక్కో ముక్క అతుక్కుంటూ పోతుంది: చేయించడం, చేయాలనుకోవడం, చేయబోవడం, ఆ సంగతి చెవిన పడిందే తప్ప కంటితో చూడలేదనడం కూడా. వస్తువు ఊరికే "ఉంది" అంటే అక్కడ చాలదట. కూర్చుందో, నిలబడిందో, పడుకుందో చెప్పాలి.

పుస్తకానికి ఈ సంగతి చెప్పే ఒక్క అధ్యాయం మిగిలింది. ఇక్కడే కూర్చుని పూర్తి చేయమన్నాను.

"నేను అల్లింది వాళ్ల మాట ఎట్లయితాది అబ్బా? పడుకున్న దాన్ని చూపించి వాళ్లనే అడగల్ల" అన్నారు.

నేను చదివిన వ్యాకరణాల్లో సగం కుర్చీ దిగకుండా రాసినవే. వాటిని రాసినవాళ్లకు శాలువాలు కప్పారు.

ఎండాకాలం వచ్చిందంటే మాస్టారు పెట్టె సర్ది తలుపు పక్కన నిలబెట్టి, మా అన్న దగ్గరికి వెళ్లేవారు.

"ఈసారి పిల్లోళ్లు ఎక్కువుండారు సార్. వచ్చే ఏడు పోదురులే. ఆ కొండలు యాడికి పోతాయి?"

"కొండలు పోవులేప్పా. చెప్పే ముసలోళ్లు పోతారు."

పోయారు. ఆ కొండల్లో తనకు మాటలు నేర్పిన అవ్వ ఇక లేదని కబురు తెలిసిన రోజు మాస్టారు కలం మూసేశారు. పెట్టె మాత్రం విప్పలేదు.

ఖననంలో అందరికన్నా గట్టిగా ఏడ్చింది మా అన్నే. అక్కడినుంచి మాస్టారి గదికి వెళ్లాం. అతను చుట్టూ చూసి, "బిరీన ఖాళీ చేయించు. కొత్త సార్ వస్తాండాడు" అన్నాడు. మంచం జరపడానికి అడ్డొచ్చిందని పెట్టెను కాలితో నెట్టాడు.

ఇన్నేళ్లూ తలుపు పక్కన నిలబడ్డ పెట్టె ఇప్పుడు నేలమీద పడుకుని ఉంది. పడుకోబెట్టింది మా అన్న.