వంతెన మీంచి చూసిన హామిల్టన్

హామిల్టన్ అందం లేని ఊరని మా ఇంట్లో మొదట అన్నది నేనే. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా నయాగరా చూపించడం మా ఆనవాయితీ. డిక్కీలో పులిహోర, పెరుగన్నం పెట్టుకుని ఉదయం ఏడింటికి కెనడాలో టొరంటో పక్కన మేముండే వాన్ పట్టణం నుంచి కారులో బయలుదేరేవాళ్లం. ఎనిమిది దాటేసరికి హామిల్టన్ రేవు మీదున్న పెద్ద వంతెన ఎక్కేవాళ్లం. కుడివైపు ఉక్కు కర్మాగారాల పొగగొట్టాలు, తుప్పురంగు గుట్టలు కనిపించగానే, "ఇదే హామిల్టన్. చూసేదేమీ లేదు, అద్దాలు ఎత్తండి" అనేదాన్ని. డైరీలు తిరగేస్తే అలాంటి ప్రయాణాలు పందొమ్మిది తేలాయి. ఒక్కసారి కూడా కారు ఆపలేదు.

ఈ ఏడాది ఆ మాట నాకే అడ్డం తిరిగింది. మార్చి 3న గరాజ్ తలుపుకు కారు గీసుకుంది. నాకు డెబ్బై ఎనిమిది. ఆ సాయంత్రమే తాళాలు మా అమ్మాయి మాధవి చేతిలో పెట్టేశాను. వాన్ పట్టణంలో మేముండే వీధి నుంచి వెళ్లి పాలు తేవాలన్నా కారు కావాలి. అప్పటి నుంచి ఏడు నెలలు నా అంతట నేను గడప దాటి ఎక్కడికీ వెళ్లింది లేదు. అక్టోబరు మొదటి వారంలో సులోచనగారు ఫోన్ చేశారు. పాతికేళ్ల కిందట ఇద్దరం ఒకే బిల్డింగ్‌లో పొరుగువాళ్లం. ఆవిడ నర్సుగా రిటైరై ఇప్పుడు హామిల్టన్‌లో ఒక్కరే ఉంటున్నారు. తన ఫ్లోర్‌లోనే, ఏడో అంతస్తులో, చిన్న ఫ్లాట్ ఖాళీ అయిందట. బస్‌స్టాప్ దగ్గరేనట. గురువారం 9వ తేదీ సాయంత్రం అయిదు వరకే ఇంకొకరికి ఇవ్వకుండా ఆపుతారట.

మాధవికి చెప్పాను.

"హామిల్టనా? అమ్మా, సీరియస్‌గానా? ఇట్స్ అగ్లీ."

"నువ్వెప్పుడు చూశావు?"

"నీ పక్కనే కూర్చుని. అద్దాలు ఎత్తించేది నువ్వే కదా."

ముప్పై ఏళ్లు రంగుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేశాను. అక్కడ ఏ రంగునూ ఒకే వెలుగులో చూసి తేల్చరు. కిటికీ దగ్గర పగటి వెలుగులో ఒకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి, పసుపు బల్బు కింద ఒకసారి చూడాలి. పాస్ చేయాలన్నా ఫెయిల్ చేయాలన్నా అంతే. అలాంటి నేను ఒక ఊరిని పరుగెత్తే కారులోంచి చూసి పందొమ్మిదిసార్లు ఫెయిల్ చేశాను. ఈసారి దిగి చూడాలనుకున్నాను, ఒక్కదాన్నే.

గురువారం ఉదయం 7.50కి మాధవి నన్ను సబ్‌వే స్టేషన్ దగ్గర దింపింది. "లొకేషన్ ఆన్‌లో పెట్టుకో" అని మూడుసార్లు చెప్పింది. టొరంటో యూనియన్ స్టేషన్ చేరేసరికి 8.40. అక్కడ రైలు మారాలి. సీనియర్లకు టికెట్లో తగ్గింపు ఉంది. ఈ దారిన వెళ్లేవాళ్లు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి, సరస్సు నీళ్లు అటే కనిపిస్తాయి.

ఎదుటి సీట్లో ఖమ్మం అమ్మాయి. హామిల్టన్‌లో చదువుతూ బేకరీలో పార్ట్‌టైమ్ చేస్తోంది. నా డబ్బాలోంచి రెండు ఇడ్లీలు తీసుకుంది.

"మీ ఊరు అందంగా ఉండదంటారు, నిజమేనా?" అన్నాను.

"అగ్లీనే ఆంటీ, కొన్ని వీధులైతే మరీ. నేను కూడా వచ్చిన వారం రోజులు ఏడ్చిన. కానీ కొండెక్కి చూసినంక కొంచెం తగ్గింది."

"ఏది, ఏడుపా, అగ్లీనా?"

"రెండూ" అని నవ్వింది. చెయ్యి తుడుచుకుంటూ, "పొద్దున తూర్పు గాలి ఉంటే వాసనొస్తది ఆంటీ, అది ఎవ్వరూ చెప్పరు" అంది. ఆ మాట నా నోటుపుస్తకంలో రాసుకున్నాను.

చివర్లో రైలు రేవును పడమటి కొసన చుట్టి వెళుతుంది. అక్కడ మొదటిసారి ఆ పొగగొట్టాలు నాకు పక్కనే కాక, నీళ్లకు అవతలి ఒడ్డున కనిపించాయి. ఇవతల పడవలు, రెల్లు, ఒక తెల్ల కొంగ. పొగగొట్టాలు పోలేదు, ఉన్నచోటే ఉన్నాయి. 10.35కి దిగాను.

ప్లాట్‌ఫారం మీద సులోచనగారు కర్రతో నిలబడి ఉన్నారు. "శారదగారూ, ముక్కు మూసుకునే దిగారా?"

"ఇంకా లేదు. తూర్పు గాలి వీచినప్పుడు చూద్దాం."

"మీ విశాఖలో లేవా పొగగొట్టాలు? గాజువాకలో పుట్టి మీరేనా ఈ మాట అనేది?"

"మాకు సముద్రం ఉంది కదండీ."

"ఇదేమిటి మరి, గంగాళమా?" అని కర్రతో నీళ్లవైపు చూపించారు.

స్టేషన్ నుంచి నడిచాం. మొదటి నాలుగు వీధులు బాగున్నాయి, పాత ఇటుక ఇళ్లు, కాఫీ కొట్లు. తరువాత ఊరి నడిబొడ్డు వచ్చింది. అబద్ధం రాయను. మూతపడిన కొట్ల అద్దాలకు కాగితాలు అంటించి ఉన్నాయి. బిల్డింగులు కూల్చిన చోటల్లా పార్కింగు, పళ్లు ఊడిన నోరులాగా. ఒకవైపే నడిచే వెడల్పు రోడ్ల మీద లారీలు మనిషిని లెక్కచేయకుండా పోతున్నాయి. ఒక గోడ పక్కన మూడు టెంట్లు, వాటి ముందు తడి దుప్పట్లు. సులోచనగారు ఒక టెంట్ మనిషిని పేరు పెట్టి పలకరించి, దగ్గు తగ్గిందా అని అడిగారు. నేను పుస్తకంలో అసహ్యం అనే వరుస కింద అయిదు గీతలు గీశాను.

లైబ్రరీని ఆనుకుని మార్కెట్ ఉంది. గురువారాలు తీసే ఉంటుంది. అక్కడ మెంతికూర దొరికింది. బయట బెంచీ మీద 12.15కి నా పులిహోర, ఆవిడ తెచ్చిన దోసకాయ పచ్చడి తిన్నాం. నయాగరా వరకూ మోసుకుపోకుండా నా పులిహోర హామిల్టన్‌లో అయిపోవడం అదే మొదలు.

ఒంటిగంట బస్సులో కొండెక్కాం, పావుగంట. కొండ అంచున పార్కు. కింద ఎర్రబడ్డ మేపుల్ చెట్లు, వాటి కింద ఊరు, ఊరికి అవతల సరస్సు. పొగగొట్టాలు అగ్గిపుల్లలంత. వాటి వెనకాల సన్నని తీగలాగా వంతెన. దాని మీద చుక్కల్లా కార్లు.

"చెయ్యి ఊపండి" అన్నారు సులోచనగారు. "మీ కారే వెళ్తోందేమో."

నాకు నవ్వు రాలేదు. ఆ కార్లలో ఎక్కడో ఎవరో ఇప్పుడే అద్దాలు ఎత్తిస్తూ ఉంటారు. ఇన్నేళ్లూ ఇక్కడి బెంచీల మీద మనుషులు కూర్చునే ఉన్నారన్నమాట.

2.30కి ఫ్లాట్ చూశాను. మేనేజర్ పొడుగాటి మనిషి, సూటిగా మాట్లాడింది. "ముందే చెప్తున్నాను, ఈ కిటికీ చూసి ఇద్దరు వద్దన్నారు. కొండవైపు ఫ్లాట్లు ఖాళీ లేవు."

కిటికీ నిండా పొగగొట్టాలే. నేను కుర్చీ అడిగి వేయించుకుని, కిటికీ తలుపులు తీసి, గడియారం చూసుకుని పావుగంట కూర్చున్నాను. గాలి తిరిగినప్పుడు కాలిన ఇనుము వాసన రెండుసార్లు వచ్చింది. రాసుకున్నాను. సులోచనగారు వాకిట్లో నిలబడి మొదటిసారి గొంతు తగ్గించారు. "నచ్చకపోతే చెప్పేయండి. నేనేమీ అనుకోను."

"కూర్చోండి, ఇప్పుడే వస్తాను" అని ఒక్కదాన్నే కిందికి దిగాను. బస్‌స్టాప్‌కు నాలుగు నిమిషాలు. దారిలో బెంచీలు రెండు. మూలమీద కొట్టు. పాలు కొన్నాను. తిరిగి ఏడో అంతస్తుకు వచ్చేసరికి మొత్తం పద్నాలుగు నిమిషాలు. మోకాలు నొప్పి పుట్టింది, కానీ ఆగాల్సినంత కాదు. ఏడు నెలల తరువాత నేనే వెళ్లి తెచ్చుకున్న పాలు. సులోచనగారింట్లో ఆ పాలతోనే టీ పెట్టించాను.

4.10కి సంతకం చేశాను. మాధవికి ఫోన్ చేశాను.

"అమ్మా, అంత తొందరెందుకు? ఎలా ఉంది అసలు?"

"కొన్నిచోట్ల నువ్వన్నట్టే ఉంది."

"మరి?"

"పాలు తెచ్చుకున్నాను."

"ఫ్రిజ్ ఉందా అందులో?" అంది. మా అమ్మాయి ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

4.50 రైలు. తిరుగు ప్రయాణంలో కుడివైపు కూర్చోవాలి. హామిల్టన్ అందమైన ఊరని ఎవరైనా చెబితే నమ్మకండి. అందం లేని ఊరని చెబితే, ఎక్కడ నిలబడి చూశారని అడగండి. రైలు రేవు చుట్టూ తిరుగుతుండగా నోటుపుస్తకం తీశాను. డైరీలు చూసి అందులో రాసుకున్న నయాగరా ప్రయాణాల జాబితా కిందే ల్యాబ్‌లో రాసే పద్ధతిలో రాశాను: పందొమ్మిది పరీక్షలు, ఒకే వెలుగులో, వాహనం ఆపకుండా చేసినవి. చెల్లవు. మేలో విశాఖ నుంచి మా తమ్ముడి కుటుంబం నయాగరా చూడటానికి వస్తోంది. దానికి ఇరవయ్యో నంబరు వేసి, పక్కన ఇలా రాశాను: కారు ఆగుతుంది, ఏడో అంతస్తులో భోజనం, కిటికీ తలుపులు తీసే ఉంటాయి.